ఒక్కో కన్నూ విడిగా: నాలుగేళ్ల పాపలో మాగ్ యాంటీబాడీ జబ్బు

నేను పిల్లల నరాల డాక్టర్ని. ఇది మాగ్ (MOG) యాంటీబాడీ జబ్బు వచ్చిన ఒక పాప కేసు. నరాల తొడుగు మీద ఉండే మాగ్ అనే ప్రొటీన్‌ను ఒంట్లోని యాంటీబాడీలే పట్టుకుని దెబ్బతీసే జబ్బు అది. తల్లిదండ్రుల అనుమతితోనే రాస్తున్నాను. పాపను గుర్తుపట్టే వీలిచ్చే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. జబ్బు నడిచిన తీరు, మేం వేసిన అంచనాలు, నేను చేసిన పొరపాటు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. ఈ జబ్బులో పరీక్షలు, మందుల గురించి చదవడానికి చాలా దొరుకుతుంది. నోరు తిరగని వయసు పిల్లలో అది ఎలా కనపడుతుందో, దాన్ని మనం ఎక్కడ వదిలేస్తామో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఆ భాగాన్ని కాస్త విడమరిచి రాస్తున్నాను.

పాప వచ్చిన రోజు

వయసు 4 ఏళ్ల 3 నెలలు, బరువు 15 కిలోలు. పుట్టుక, ఎదుగుదల అన్నీ మామూలే. వయసుకు తగ్గ టీకాలు వేయించారు. పన్నెండు రోజుల ముందు జలుబు, మూడు రోజుల జ్వరం వచ్చి తగ్గాయి. తర్వాత వారం రోజులు చక్కగా ఆడుకుంది. ఆ పైన ఒక పొద్దున తలనొప్పి అంది, రెండుసార్లు వాంతి చేసుకుంది. మర్నాటికి మగత. మూడో రోజు మంచం దిగి తూలిపడింది. మళ్లీ జ్వరం, 101 డిగ్రీలు. నాలుగో రోజు మా దగ్గరికి తెచ్చారు.

పిలిస్తే కళ్లు తెరుస్తోంది, వెంటనే మూసేస్తోంది. "అమ్మమ్మ ఏది?" అంటే పక్కనే ఉన్న అమ్మమ్మ వైపు చూడలేదు. మెడ కొంచెం బిగుసుకుంది. కుడి చెయ్యి బొమ్మ కోసం చాపితే అటూ ఇటూ ఊగి, అందకుండా పక్కకు పోతోంది. ఫిట్స్ లేవు.

ఎమర్జెన్సీలో పాప చీటీ మీద ఒక వాక్యం ఉంది: "పొద్దుటి నుంచి మూత్రం రాలేదు, ఒంట్లో నీరు తగ్గింది." అందుకు ఒక సెలైన్ బోలస్ కూడా ఎక్కించారు. వాంతులైన పిల్ల, తిండి లేదు, మూత్రం లేదు అంటే ఎవరైనా ముందు అలాగే అనుకుంటారు. కానీ నాలుక తడిగానే ఉంది. చర్మం మామూలుగా ఉంది. నాడి కూడా ఆ జ్వరానికి తగ్గ వేగంలోనే కొట్టుకుంటోంది. పొట్ట మీద చెయ్యి వేస్తే బొడ్డు కింద గుండ్రంగా, గట్టిగా ఒక ఉబ్బు తగిలింది. నొక్కితే పాప ముఖం ముడుచుకుంది. అది నిండిన మూత్రాశయం. క్యాథెటర్ వేస్తే 420 మిల్లీలీటర్లు వచ్చింది. ఈ వయసులో మూత్రాశయం ఎంత పట్టాలో లెక్కగట్టడానికి మేం వాడే సూత్రం సులువు: వయసుకు రెండు కలిపి ముప్పైతో గుణించాలి. నాలుగేళ్ల పిల్లకు 180. ఈ పాపకు అంతకు రెండింతలు దాటి నిండి ఉంది.

ఆ 420 మిల్లీలీటర్లతో కేసు దారి మారింది. అంతవరకూ మెదడు ఒక్కదాని గురించే ఆలోచిస్తున్నాం. మూత్రం ఆగిందంటే వెన్నుపాము కూడా దెబ్బతిని ఉండాలి. కాళ్లు మళ్లీ చూశాను. రెండూ మెత్తగా వాలి ఉన్నాయి, గిచ్చితే కొంచెం కదిలిస్తోంది. మోకాలి దగ్గర కొడితే రిఫ్లెక్స్ దాదాపు రాలేదు. అరికాలు గీస్తే మాత్రం రెండు వైపులా బొటనవేలు పైకి లేచింది, మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే దారి దెబ్బతిందనడానికి గుర్తు అది. మగతలో ఉన్న పిల్ల కాళ్లు కదపకపోతే అది మగత వల్లే అనుకోవడం తేలిక. ఇక్కడ అలా కాదు.

మెదడు తికమకపడి, వెన్నుపాము కూడా దెబ్బతిన్న చిన్న పిల్లలో, కొద్ది రోజుల ముందు ఏదో వైరల్ జ్వరం వచ్చి ఉంటే, మొదట గుర్తొచ్చేది ఏడెమ్. రోగనిరోధక శక్తి దారి తప్పి మెదడు, వెన్నుపాములోని నరాల తొడుగును, అంటే మైలిన్‌ను, ఒకేసారి చాలాచోట్ల దెబ్బతీసే జబ్బు అది. అయినా ఆ పేరు పెట్టుకుని కూర్చునే వీల్లేదు. జ్వరంతో మగతలో ఉన్న పిల్లలో హెర్పిస్ మెదడువాపు లేదని తేలేదాకా ఉన్నట్టే లెక్క. హెర్పిస్‌కు అసైక్లోవిర్, బాక్టీరియాకు సెఫ్ట్రియాక్సోన్ రెండూ మొదలుపెట్టాం. అసైక్లోవిర్ కిడ్నీల్లో పేరుకోకుండా తగినంత ఫ్లూయిడ్ ఇస్తూ, క్యాథెటర్ సంచిలో మూత్రం గంటగంటకూ కొలిచాం.

ఎంఆర్‌ఐ, వెన్ను నీరు, ఒక రక్తపు ట్యూబు

మెదడు ఎంఆర్‌ఐ ఎలాగూ తీస్తారు. పిల్లకు మత్తు ఇచ్చిన అదే గంటలో వెన్నుపాము మొత్తం కూడా తీయమని అడగాలి. మళ్లీ మత్తివ్వడం, మళ్లీ యంత్రం ఖాళీ కోసం చూడడం అంటే రెండు రోజులు పోతాయి.

మెదడులో రెండు వైపులా తెల్ల పదార్థంలో పెద్ద పెద్ద మచ్చలు. అంచులు గీత గీసినట్టు లేవు, దూది పింజల్లా కలిసిపోయి ఉన్నాయి. మెదడు లోతుల్లో ఉండే రెండు థాలమస్‌లలోనూ, కుడి వైపు చిన్నమెదడును మెదడుకాండంతో కలిపే దారిలోనూ మచ్చ ఉంది. చెయ్యి ఊగడానికి కారణం ఇదే. వెన్నుపాములో ఛాతీ భాగం ఏడో పూస దగ్గర మొదలై కింద వెన్నుపాము చివరి భాగమైన కోన్ కొస దాకా ఒకటే వాపు. అడ్డంగా కోసిన చిత్రంలో మధ్యలోని బూడిద పదార్థం ఆంగ్లంలోని హెచ్ అక్షరంలా వెలిగింది. మాగ్ యాంటీబాడీ జబ్బులో తరచూ కనపడే గుర్తు అది. కోన్ కొస తగలడం కూడా అంతే. మూత్రం ఆగిపోవడానికి కారణం ఎదురుగా కనపడింది.

వెన్ను నీటిలో 48 కణాలు, ఎక్కువగా లింఫోసైట్లు. ప్రొటీన్ 62. గ్లూకోజ్ మామూలే. హెర్పిస్ పీసీఆర్ నెగెటివ్. కొన్నాళ్లకు వచ్చిన రిపోర్టులో ఆలిగోక్లోనల్ బ్యాండ్లు, అంటే వెన్ను నీటిలో గీతల్లా కనపడే యాంటీబాడీలు, లేవు. మైలిన్‌నే దెబ్బతీసే మరో జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.)లో ఈ బ్యాండ్లు చాలామందిలో ఉంటాయి, మాగ్ జబ్బులో అయిదుగురిలో ఒకరికి కూడా ఉండవు.

ఇక రక్తపు ట్యూబు. స్టెరాయిడ్ మొదటి డోసుకు ముందే రక్తం తీసి సీరం వేరు చేసి ఫ్రిజ్‌లో పెట్టాం. పెద్ద పని కాదు, అయిదు నిమిషాలు. కానీ హడావిడిలో ఇది చాలాచోట్ల జరగదు. రక్తనాళం ద్వారా ఎక్కించే యాంటీబాడీల మందు ఐవీఐజీలో వేల మంది దాతల యాంటీబాడీలు ఉంటాయి. ప్లాస్మా ఎక్స్ఛేంజ్ (రక్తంలోని ద్రవ భాగాన్ని తీసి మార్చడం) అయితే మనం వెతుకుతున్న యాంటీబాడీలనే తీసేస్తుంది. అవి అయ్యాక పంపిన శాంపిల్‌లో వచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలో తెలియక తల పట్టుకోవాల్సి వస్తుంది. మాగ్, దాన్ని పోలిన మరో జబ్బుకు మూలమైన ఆక్వాపోరిన్-4, ఈ రెండు యాంటీబాడీలకూ పంపాం, రెండూ కణాల మీద చేసే పద్ధతిలోనే.

రిపోర్టు తొమ్మిదో రోజు వచ్చింది. మాగ్ పాజిటివ్, 1:320, అంటే సీరంను 320 రెట్లు పల్చన చేసినా యాంటీబాడీ కనపడింది. ఆక్వాపోరిన్ నెగెటివ్.

మాగ్ అంటే

నరపు తీగ చుట్టూ మైలిన్ పొరలు పొరలుగా చుట్టుకుని ఉంటుంది. మాగ్ అనే ప్రొటీన్ ఆ చుట్టల్లో అన్నిటికన్నా బయటి పొర మీద, మైలిన్‌ను తయారుచేసే ఆలిగోడెండ్రోసైట్ కణం ఒంటి మీద ఉంటుంది. మైలిన్ ప్రొటీన్లలో దాని వాటా చాలా కొద్ది. అయినా బయటికి కనపడే చోట ఉంది కనుక యాంటీబాడీకి సులువుగా చిక్కుతుంది. ఆక్వాపోరిన్-4 సంగతి వేరు. అది ఆస్ట్రోసైట్ అనే మరో కణం పాదాల దగ్గర ఉండే నీటి ద్వారం. దాన్ని పట్టుకునే యాంటీబాడీ 2004లో బయటపడింది, లక్ష్యం ఆక్వాపోరినే అని 2005లో తేలింది. కంటి నరాలను, వెన్నుపామును దెబ్బతీసే ఎన్ఎంఓ అనే జబ్బుకు అది మూలం. రెండిటిలోనూ కంటి నరాలు, వెన్నుపాము దెబ్బతింటాయి, చూడడానికి ఒకేలా ఉంటాయి. దెబ్బ తగిలే కణం వేరు కాబట్టి కోలుకునే తీరు, మందుకు లొంగే తీరు కూడా వేరు. ఆక్వాపోరిన్ జబ్బులో ఒక్కో దాడి మచ్చ మిగిల్చి పోతుంది. మాగ్‌లో ఎంఆర్‌ఐ మచ్చలు చాలావరకు ఆనవాలు లేకుండా చెరిగిపోతాయి.

మాగ్‌ను పరిశోధకులు ఎంతో కాలంగా ఎరుగుదురు. యాంటీబాడీ పరీక్షే చాలాకాలం నమ్మదగ్గదిగా లేదు. పాత పద్ధతుల్లో ప్రొటీన్ దాని అసలు మడతలు విప్పుకుని వేరే ఆకారంలో ఉండేది. అప్పుడు ఆరోగ్యవంతుల్లో కూడా పాజిటివ్ వచ్చేది. మడతలు చెడకుండా ప్రొటీన్‌ను వాడితే ఏడెమ్ వచ్చిన పిల్లల్లో కొందరిలో ఈ యాంటీబాడీ స్పష్టంగా వేరుగా కనపడుతుందని 2007లో తేలింది. బతికున్న కణం ఒంటి మీద మాగ్‌ను పెంచి చేసే పరీక్షలు ఆ తర్వాత స్థిరపడ్డాయి. ఎలైసా అనే పాత పద్ధతిలో వచ్చిన మాగ్ పాజిటివ్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

2023లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఈ జబ్బుకు నిర్ధారణ ప్రమాణాలు రాసింది. అందులో నాకు ముఖ్యమనిపించేది వరస. మొదట జబ్బు కనపడాలి: కంటి నరం వాపు, వెన్నుపాము వాపు, ఏడెమ్, మెదడులో ఒకచోటో కొన్నిచోట్లో లక్షణాలు, మెదడుకాండం లేదా చిన్నమెదడు దెబ్బ, ఫిట్స్‌తో మెదడు పైపొర వాపు. ఇందులో ఏదో ఒకటి ఉండాలి. తర్వాత యాంటీబాడీ. అది స్పష్టంగా ఎక్కువ ఉంటే సరే. తక్కువ మోతాదులో ఉన్నా, మోతాదు చెప్పకపోయినా, దానికి తోడు ఎంఆర్‌ఐలోనో కంటిలోనో మరో ఆధారం కావాలి. చివరగా, ఇంతకన్నా బాగా అతికే వేరే జబ్బు లేదని చూసుకోవాలి.

ఈ వరస తిరగేస్తే ఇబ్బంది. తలనొప్పికి ఎంఆర్‌ఐ తీస్తే రెండు చిన్న తెల్ల చుక్కలు కనపడ్డ పిల్లవాడికి మాగ్ పరీక్ష రాసి, తక్కువ మోతాదు పాజిటివ్ వచ్చాక ఆ కుటుంబం నెలల తరబడి నిద్ర లేకుండా తిరగడం చూశాను. ఆ పిల్లాడికి ఏ జబ్బూ లేదు. అవసరం లేని చోట పంపిన మంచి పరీక్ష కూడా టెన్షనే మిగులుస్తుంది.

వయసు మాట కూడా ఒకటి చెప్పాలి. మొదటిసారి మైలిన్ దాడి వచ్చిన పిల్లల్లో దాదాపు మూడింట ఒక వంతు మందిలో మాగ్ యాంటీబాడీ దొరుకుతుంది. చిన్న వయసులో అది ఏడెమ్ రూపంలో వస్తుంది. తొమ్మిది, పదేళ్లు దాటిన వాళ్లలో కంటి నరం వాపుగా వస్తుంది. ఈ పాప మొదటి దాడి అందుకు సరిగ్గా సరిపోయింది. రెండోసారి మాత్రం పెద్ద పిల్లల్లా కంటి మీద వచ్చింది.

మొదటి వైద్యం

మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ కిలోకు 30 మిల్లీగ్రాములు, రోజుకు 450, అయిదు రోజులు. మూడో రోజు సాయంత్రం కళ్లు తెరిచి "అన్న ఏడీ?" అంది. వార్డులో ఆ మాట విన్నవాళ్లందరి ముఖాలూ వెలిగాయి. హెర్పిస్ పీసీఆర్ నెగెటివ్ వచ్చింది కాబట్టి అసైక్లోవిర్ ఆపాం.

కాళ్లు మాత్రం అయిదో రోజుకూ మంచం మీద నుంచి లేవలేదు. ఇక్కడ రెండు దారులు. ప్లాస్మా ఎక్స్ఛేంజ్ లేదా ఐవీఐజీ. ప్లాస్మా వేగంగా పనిచేస్తుంది, ఊపిరి ఇబ్బందిలో పడ్డా, రెండు కళ్లూ పోతున్నా నేను దానికే వెళతాను. 15 కిలోల పిల్లకు అందుకు మెడలోనో తొడలోనో లావుపాటి లైన్ వేయాలి. మెదడు తేరుకుంటోంది, ఊపిరి బాగుంది. అందుకని ఐవీఐజీ ఎంచుకున్నాం. కిలోకు మొత్తం 2 గ్రాములు, అంటే 30 గ్రాములు, అయిదు రోజుల్లో. పదో రోజు పట్టుకుంటే నిలబడింది. పద్నాలుగో రోజు క్యాథెటర్ తీశాం. మూత్రం పోశాక ఎంత మిగిలిందో స్కాన్‌లో చూసుకుంటూ వచ్చాం. పద్దెనిమిదో రోజు అమ్మ వేలు పట్టుకుని నడుస్తూ ఇంటికెళ్లింది.

తర్వాత నోటి ద్వారా ప్రెడ్నిసొలోన్, రోజుకు 30 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పది వారాల్లో తగ్గించుకుంటూ వచ్చి ఆపేశాం. ఇంటికి పంపేటప్పుడు రెండు సంగతులు కాగితం మీద రాసిచ్చాను. స్టెరాయిడ్ వాడినన్నాళ్లు ముఖం ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది, పిల్ల చిరాకు పడుతుంది. అది ఆమె మొండితనం కాదు. మందు మీరుగా ఆపొద్దు. రెండోది టీకాలు. ఇంత మోతాదు ఐవీఐజీ తర్వాత తట్టు, గవదబిళ్లల టీకా వంటి బతికున్న వైరస్ టీకాలు పదకొండు నెలలు ఆగాలి. ముందే వేస్తే దాతల యాంటీబాడీలు ఆ టీకాను పనిచేయనివ్వవు. ఈ కాగితం పిల్లల డాక్టర్‌కు చూపించమన్నాను.

పద్నాలుగో వారం

ఇది నేను ఎక్కువసార్లు నెమరేసుకున్న రోజు.

మాత్రలు ఆపి రెండు వారాలైంది. పాప పరుగెడుతోంది. ఎంఆర్‌ఐ మళ్లీ తీస్తే మెదడు మచ్చల్లో చాలావరకు లేవు, వెన్నుపాము మామూలుగా ఉంది. నాకు సంతోషంగా ఉంది. ఇంట్లోవాళ్లకు అంతకన్నా సంతోషంగా ఉంది. లేచి వెళ్లబోతూ తల్లి అంది:

"డాక్టర్ గారూ, నాలుగు రోజుల నుంచి బొమ్మల పుస్తకం చూసేటప్పుడు తల ఒక పక్కకు తిప్పి చూస్తోంది. అలవాటేమో."

పాపను గోడ దగ్గర నిలబెట్టి దూరంగా చిన్న బొమ్మ చూపించాను. టక్కున పేరు చెప్పింది. ఇంకాస్త చిన్నది చూపించాను. అదీ చెప్పింది. "బానే చూస్తోందమ్మా, కంగారు పడకండి" అన్నాను. ఫైల్లో "చూపు మామూలు" అని రాశాను.

నేను ఒక కన్ను మూసి చూడలేదు. రెండు కళ్లూ తెరిచి చూస్తే బాగున్న కన్ను చూస్తుంది, పాడైన కన్ను దాని వెనక దాక్కుంటుంది. పెద్దవాళ్లయితే "ఈ కంటికి మసగ్గా ఉంది" అంటారు. నాలుగేళ్ల పిల్లకు ఆ తేడా తెలియదు. తల కొంచెం తిప్పి, మంచి కన్నుని పుస్తకానికి ఎదురుగా పెట్టుకుంటుంది, అంతే. పాప తన మాటలో చెప్పలేనిది మెడతో చెప్పింది. తల్లి అది చూసి నాకు చేరవేసింది. దాన్ని నేనే వదిలేశాను.

ఆ గదిలో టార్చి ఉంది. ఆ కంటి నుంచి ఈ కంటికి వెలుగు ఊపి చూడడానికి అరనిమిషం చాలు. కంటి నరం దెబ్బతిన్న వైపుకు వెలుగు వచ్చినప్పుడు కనుపాప కుంచించుకోవాల్సింది పోయి పెద్దదవుతుంది. పిల్ల సహకరించకపోయినా కనపడే గుర్తు అది.

పదకొండు రోజుల తర్వాత మధ్యాహ్నం వేళ, ఎండ గదిలోకి వస్తుండగా, పాప "లైట్ వెయ్యమ్మా" అందట. లైట్ వేసినా మళ్లీ అదే మాట అందట. గంటలో మా దగ్గరున్నారు.

కుడి కంటికి చెయ్యి ఊపితే ఊగుతోందని మాత్రం తెలుస్తోంది. ఎడమ కంటికి 6/60, అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చూసేది 6 మీటర్ల నుంచే కనపడుతోంది. టార్చి ఊపితే కుడి కనుపాప పెద్దదైంది. ఎర్ర బంతిని ఎడమ కంటికి చూపిస్తే "మాసిపోయింది" అంది. పైకి చూడమంటే కళ్లు నులుముకుంది, నొప్పి. లోపల రెండు వైపులా కంటి నరం తల ఉబ్బి ఉంది. ఎంఆర్‌ఐలో రెండు కంటి నరాలూ సగానికి పైగా పొడవునా వాచాయి, చుట్టూ ఉన్న తొడుగు కూడా కాంట్రాస్ట్‌కు వెలిగింది. మెదడులో కొత్త మచ్చ లేదు. మాగ్ ఇంకా పాజిటివే.

కంటి నరాల వాపు రెండు వైపులా రావడం, నరం తల ఉబ్బడం, సగానికి పైగా పొడవు వాచడం, ఇవన్నీ మాగ్ జబ్బు పోకడలే. ఏడెమ్ తగ్గాక కంటి నరం వాపుతో తిరగబెట్టడం కూడా ఈ జబ్బులో బాగా ఎరిగిన దారే. అంటే నాకు తెలియక కాదు. తెలిసీ ఆ రోజు కన్ను మూసి చూడలేదు.

ఆ మాట తల్లిదండ్రులకు నేనే చెప్పాను. "ఆ రోజు ఒక్కో కన్నూ విడిగా చూసి ఉంటే కుడి కన్ను సంగతి అప్పుడే తెలిసేది. నేను చూడలేదు." తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడేం చేస్తారో చెప్పండి" అన్నాడు. పదకొండు రోజులు ముందే మొదలుపెట్టి ఉంటే ఎడమ కన్ను దాకా రాకపోయేదా అని తల్లి అడిగింది. రాకపోయి ఉండొచ్చు, స్టెరాయిడ్‌కు ఈ జబ్బు త్వరగా లొంగుతుంది అన్నాను. ఇంకో మాట కలిపి దాన్ని తేలిక చేయలేదు.

మళ్లీ అయిదు రోజులు మిథైల్ ప్రెడ్నిసొలోన్, దాని వెంటే ఐవీఐజీ. చూపు తగ్గిన కొన్ని రోజుల్లోనే స్టెరాయిడ్ పడితే కంటి నరం బాగా కోలుకుంటుంది. రెండు వారాల్లో ఎడమ కన్ను 6/9కు వచ్చింది. కుడి కన్ను ఆరు వారాలకు 6/12, ఆరు నెలలకు 6/9.

తిరగబెట్టాక

మొదటి దాడి తర్వాత మేం దీర్ఘకాలం మందు పెట్టలేదు. మాగ్ జబ్బు వచ్చిన పిల్లల్లో చాలామందికి అది ఒక్కసారితో ఆగిపోతుంది, కాబట్టి అందరికీ ఏళ్ల తరబడి రోగనిరోధక శక్తిని అణిచే మందులివ్వడం న్యాయం కాదు. మాత్రలు త్వరగా తగ్గించానా అని ఇప్పటికీ ఆలోచిస్తాను. ఈ జబ్బు స్టెరాయిడ్ తగ్గించేటప్పుడో ఆపిన కొద్ది రోజులకో తిరగబెడుతుంది, అది దాని స్వభావం. రెండోసారి నాలుగు నెలలు పట్టి తగ్గించాను.

రెండు దాడులు అయ్యాక నివారణ మందు కావాలి. దారులు నాలుగు. అజథయోప్రిన్, మైకోఫెనోలేట్ పనిచేయడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా స్టెరాయిడ్ నీడ కావాలి. రిటుక్సిమాబ్ ఆక్వాపోరిన్ జబ్బులో బాగా పనిచేస్తుంది, మాగ్‌లో అంతగా కాదు. మీదుమిక్కిలి చిన్న పిల్లల్లో యాంటీబాడీల నిల్వ పడిపోయి ఇన్ఫెక్షన్లు ముసురుకోవచ్చు. నాలుగోది నెలనెలా ఐవీఐజీ. ఇది శక్తిని అణచదు, చిన్న వయసులో నేను ముందుగా చూసేది దీన్నే. ఇబ్బందులు ఉన్నాయి: నెలకోసారి ఆస్పత్రి, సూది, మర్నాడు తలనొప్పి. కిలోకు 1 గ్రాము చొప్పున నాలుగు వారాలకోసారి మొదలుపెట్టాం.

ఎం.ఎస్. మందులతో ఈ జబ్బును లాగించకూడదని ప్రత్యేకంగా చెబుతాను. మైలిన్ అనగానే ఎం.ఎస్. అనుకుని ఇంటర్‌ఫెరాన్ వంటివి మొదలుపెట్టిన పిల్లల్లో దాడులు ఆగకుండా వస్తూనే ఉంటాయి. పదకొండేళ్లు నిండని పిల్లలో ఏడెమ్ పోలిక ఉంటే, ఎం.ఎస్. అనే మాట రాసే ముందు మాగ్ చూడాలి.

మూత్రం, బడి

నడక వచ్చేశాక ఇళ్లలో అందరూ జబ్బు పోయిందనుకుంటారు. కోన్ కొస దెబ్బతిన్న పిల్లల్లో మిగిలేది మూత్రాశయం, మలబద్ధకం. పాప మూత్రం వస్తోందని చెప్పేలోపే తడిసిపోయేది. బడిలో ఒకసారి అలా అయ్యాక నీళ్లు తాగడం మానేసింది. నీళ్లు తాగకపోవడంతో మలబద్ధకం పెరిగింది, గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కి తడపడం ఇంకా పెరిగింది. ఈ చుట్టు విప్పడానికి పెద్ద మందులేం అక్కర్లేకపోయింది. రెండు గంటలకోసారి టాయిలెట్‌కు పంపడం, టీచర్‌కు ఒక ఉత్తరం, మలం మెత్తబడే మందు. మూడు నెలల్లో తడపడం వారానికి ఒకటి రెండుసార్లకు దిగింది. ఈ సంగతి నేను అడిగేదాకా తల్లి చెప్పలేదు. "నడుస్తోంది కదా, ఇది కూడా చెప్పాలా అనుకున్నాను" అంది.

బడిలో ఇంకో సంగతి. పాప అక్షరాలు నేర్చుకుంది, కానీ నెమ్మది. రెండు పనులు ఒకేసారి చెబితే రెండోది జారిపోతుంది. ఎంఆర్‌ఐ శుభ్రంగా ఉంది కదా అని దీన్ని కొట్టిపారేయకూడదు. చిన్న వయసులో మెదడంతా వాచిన పిల్లల్లో ఏకాగ్రత, ఆలోచన వేగం వెనకబడడం కనపడుతుంది. ఆరేళ్లకు సైకాలజిస్టుతో పూర్తి పరీక్ష చేయించాం. ముందు బెంచీ, పెద్ద అక్షరాల కాగితం, ఒకసారికి ఒకే మాట. టీచర్ ఇవి శ్రద్ధగా పాటిస్తోంది.

ఇప్పుడు

రెండో దాడి అయ్యి రెండేళ్లు దాటింది. మళ్లీ రాలేదు. ఐవీఐజీ మధ్య గడువు ఆరు వారాలకు పెంచాం. ఇరవయ్యో నెలలో మాగ్ నెగెటివ్ వచ్చింది. అది మంచి కబురే. అలాగని నెగెటివ్ అయినవాళ్లలో తిరగబెట్టనే తిరగబెట్టదని రాసిచ్చే వీల్లేదు, కాబట్టి ఆ ఒక్క కాగితం చూసి మందు ఆపడం లేదు. ఇంకో ఆరు నెలలు ఇలాగే వెళ్లి, మాగ్ మళ్లీ నెగెటివ్ ఉంటే, పరీక్షలు లేని సెలవుల్లో ఆపి చూద్దామని తల్లిదండ్రులతో మాట్లాడుకున్నాం. బతికున్న టీకాల తేదీ ఆ రోజు నుంచి లెక్కపెట్టాలి.

కంటి లోపలి పొరల మందం చూసే ఓసీటీ స్కాన్‌లో కుడి కంటి నరపు పొర పల్చబడింది. చూపు 6/9 ఉన్నా ఎరుపు రంగు కుడి కంటికి ఎడమ కన్నా వెలిసినట్టు కనపడుతుందని ఇప్పుడు తనే చెబుతుంది. పోయిన వారం వచ్చినప్పుడు కుర్చీ ఎక్కి, నేను చార్టు తీసేలోపే అరచేత్తో ఎడమ కన్ను మూసుకుంది. ఇల్లు, గుండ్రం, చదరం అని చదివింది. చెయ్యి మార్చుకుని మళ్లీ చదివింది. ఫైల్లో రెండు గీతలు గీసి కుడి 6/9, ఎడమ 6/6 అని విడివిడిగా రాశాను. తర్వాతి ఐవీఐజీ నాలుగు వారాల్లో ఉంది.